గాలిమర దగ్గర అరగంట

ట్వెట్ వాళ్ళ గాలిమర దగ్గర పొద్దుగూకాక ఎవరూ నిలబడరు.

పగలు చూస్తే అక్కడ భయపడాల్సిందేమీ కనిపించదు. ఒకపక్క మొక్కజొన్న చేను, ఇంకోపక్క దేవదారు తోపు, నడుమ పల్లంలో నాలుగు ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ పాత గాలిమర. రెక్కలు సగం ఊడిపోయాయి. కింద పశువులు నీళ్ళు తాగే తొట్టి బీటలు వారింది. కానీ నవంబరు వచ్చి, నాలుగున్నరకే చీకటి పడడం మొదలైతే... అటువైపు నుంచి ఒక చప్పుడు వస్తుంది.

టంగ్...

టంగ్...

రాయితో ఇనుము మీద కొట్టినట్టు. ఆగి ఆగి వస్తుంది. కొట్టేవాడికి ఓపిక తగ్గిపోతున్నట్టు, ప్రతిసారీ కాస్త ఆలస్యంగా.

పాల లారీ తోలే రస్సెల్ ఒట్టేసి మరీ చెప్పాడు, ఆ చప్పుడు చెవులారా విన్నానని. చర్చిలో పియానో వాయించే ఆవిడ అయితే గోధుమరంగు కోటు తొడుక్కున్న మనిషిని కూడా చూసిందట. వేటకుక్కలు ఆ కంచె దాకా పరిగెత్తి, అక్కడ తోక ముడుస్తాయని ఇంకొకడు. "లాయిడ్ ఇంకా పిలుస్తున్నాడు" అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు, కాఫీ చప్పరిస్తూ.

నాకు ఒళ్ళు మండేది. దెయ్యం ఉందన్నందుకు కాదు. ఆ మాట చెప్పేటప్పుడు వీళ్ళ మొహాల్లో కనిపించే ఆ నిశ్చింత చూసి! లాయిడ్ ట్వెట్ దెయ్యమైపోతే ఇక అతన్ని కాల్చిందెవరని ఎవరినీ అడగక్కర్లేదు కదా. పక్కింటివాడి మొహంలోకి చూసి ప్రశ్న వేయడం కన్నా దెయ్యాన్ని నమ్మడం వీళ్ళకి తేలిక.

నా పేరు లొరైన్. నాది మాంసం కొట్టు. చుట్టుపక్కల ఎవడు జింకని కొట్టినా నా కొట్టుకే తెస్తాడు. మేం తోలు ఒలిచి, ముక్కలు చేసి, తెల్ల కాగితంలో చుట్టి ఇస్తాం. జింక ఎక్కడ దొరికింది, ఏ మంచె మీంచి కాల్చారు, ఎంతదూరం పరిగెత్తింది... కత్తి ఆడుతున్నంతసేపూ కబుర్లే. విస్కాన్సిన్‌లో మగవాడు పాదిరీ దగ్గర దాచేది కూడా మాంసం కొట్టులో వాగేస్తాడు.

అందుకే ఈ కథ నాకు తెలుసు. కొంత కళ్ళారా చూశాను, మిగతాది చూసినవాడి నోటే విన్నాను.

అయిదేళ్ళ కిందట, తుపాకి వేట మొదలైన రోజు సాయంత్రం, లాయిడ్ వాళ్ళ పడుచు పెయ్య ఒకటి కంచె దాటి పోయింది. లాయిడ్ వేటకి వెళ్ళలేదు. పశువులకి మేత వేస్తున్నవాడు వేస్తున్నట్టే, ఒంటిమీదున్న పశువుల కొట్టంలో వేసుకునే గోధుమరంగు కోటుతోనే, దాన్ని వెతుక్కుంటూ గాలిమర వైపు నడిచాడు. తన పొలం, తన పెయ్య. ఇంకేం కావాలి మనిషికి?

రాత్రి భోజనం వేళకి తిరిగి రాలేదు. అతని భార్య ఆర్డిస్ ఫోన్లు చేసింది. ఊళ్ళో మగవాళ్ళంతా దీపాలు పట్టుకుని వెతికారు. అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చినవాడు పక్క పొలం వెండెల్ క్లాసన్. "నేను సాయంత్రమంతా సోయా చేను చివర్నే కూర్చున్నా, తారు రోడ్డు వైపు నుంచి ఒక కాల్పు వినపడింది. పదండి, అటు చూద్దాం" అని అందర్నీ రోడ్డు వైపు తీసుకుపోయాడు.

చివరికి ఆర్డిసే కనుక్కుంది మొగుణ్ణి. గాలిమర ఇనుప కాలికి ఆనుకుని ఉన్నాడు. తొడలో గుండు దూసుకుపోయింది. చేతిలో రాయి. ఇనుప కాలి మీద ఆ రాయి గీతలు... లెక్కలేనన్ని.

"తొడకి బెల్టు బిగించి కట్టేవాడు ఒక్కడు ఉంటే బతికేవాడమ్మా" అన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. ఎందుకంటే ఆర్డిస్ ఆ మాటతోనే నిద్ర లేచేది, ఆ మాటతోనే పడుకునేది.

గుండు బురదలో ఎక్కడో కూరుకుపోయి దొరకలేదు. షెరీఫ్ వచ్చి ఊళ్ళో వేటగాళ్ళందర్నీ అడిగాడు – ఎవరెక్కడ కూర్చున్నారని. అందరూ చెప్పారు. అందర్నీ నమ్మాడు. నమ్మక చస్తాడా, వచ్చే ఎన్నికల్లో ఓట్లు వేయాల్సింది వాళ్ళేగా! "షికాగో నుంచి వచ్చిన వెధవ ఎవడో రోడ్డు మీంచి కాల్చి కారెక్కి పారిపోయుంటాడు" అని తేల్చేశారు. ఊరికి హాయి. ఆ తర్వాత ఇంకో మాట కూడా పుట్టింది, నెమ్మదిగా, జాలి నటిస్తూ – "అయినా లాయిడ్‌కి బుద్ధుండొద్దూ? వేట రోజుల్లో, మనిషని దూరానికే తెలిసే నారింజరంగు కోటు లేకుండా ఎవడైనా బయటికెళ్తాడా?"

చచ్చినవాడిదే తప్పట! ఆ మాట నా కొట్టులో అన్న పెద్దమనిషికి మాంసం కట్టకుండా పంపించేశాను.

వెండెల్ మాత్రం అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. లాయిడ్ శవపేటికని మోసినవాళ్ళలో అతనొకడు. చలికాలం వస్తే ఆర్డిస్ ఇంటి దారిలో మంచు తోసేది అతనే. చర్చిలో ఆవిడ చెయ్యి పట్టుకుని బల్ల దాకా నడిపించేవాడు. "పొరుగంటే వెండెల్‌లా ఉండాలి" అని ఊరంతా అనేది. వేటలోనూ గురువు. కుర్రకారు ఎవరు తుపాకి పట్టినా వెండెల్ దగ్గరే నేర్చుకోవాలి.

ఒక్కటే విచిత్రం. లాయిడ్ పోయినప్పట్నుంచీ వెండెల్ గాలిమర పల్లంలో అడుగుపెట్టలేదు. అడిగితే, "దోస్తు పోయిన చోటు, మనసు రాదు" అనేవాడు. విని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఇక ఈ ఏడాది సంగతి.

సెప్టెంబరు నుంచీ ఒకటే వాన. సోయా ఎలాగో కోసుకున్నారు గానీ, ఆ తర్వాత కోత యంత్రాలు దిగబడిపోతాయని ఎవరూ చేలల్లోకి దించలేదు. నవంబరు వచ్చినా మొక్కజొన్న నిలబడే ఉంది, ఎండి గలగలమంటూ. వేట కాలంలో నాకు చేతులు చాలవు కాబట్టి ఆర్డిస్ వచ్చి మాంసం చుట్టి పెడుతుంది. నేను కోస్తాను, ఆవిడ చుడుతుంది, ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం.

తుపాకి వేటకి ఇంకా రెండు వారాలుందనగా ఒకరోజు వెండెల్ బాణంతో కొట్టిన జింకని తెచ్చాడు. వెంట ఒక కొత్తవాడున్నాడు. పేరు బ్రెంట్. షికాగోలో లిఫ్టులు బాగుచేస్తాడట. వెండెల్ భార్యకి దూరపు చుట్టం, మొదటిసారి వేట నేర్చుకోడానికి వచ్చాడు. ఒంటిమీద బట్టలన్నీ కొత్తవి, ధర చీటీ ఒకటి ఇంకా కాలరు వెనక వేలాడుతోంది.

"నేను సోయా చేను చివర కూర్చుంటా బాబాయ్. విశాలంగా ఉంది, దూరం నుంచే కనపడతాయి" అన్నాడు బ్రెంట్.

వెండెల్ పగలబడి నవ్వాడు. "లొరైన్, విన్నావా? వీడు సోయా మోళ్ళ దగ్గర కూర్చుంటాడట! ఒరేయ్, నువ్వు ఆగస్టులో వచ్చుంటే కూర్చోబెట్టేవాణ్ణిరా. అప్పుడు పచ్చటి సోయా ఆకు మేయడానికి పట్టపగలే గుంపులుగా వస్తాయి. ఇప్పుడు అక్కడేముంది, నీ పిండాకూడా?"

"మరెక్కడ కూర్చోవాలి?"

"మామూలు ఏడాదైతే ఈపాటికి మొక్కజొన్న కోసేస్తాం. దాక్కోడానికి చోటు లేక జింకలు గుట్టెక్కి అడవిలోకి పోతాయి. ఈ ఏడు చేను నిలబడే ఉంది. తిండీ అక్కడే, పడకా అక్కడే. కదలాల్సిన ఖర్మేంటి వాటికి? పొద్దుగూకే వేళ ఒక్కసారి లేచి, గాలిమర పల్లంలోంచి దేవదారు తోపులోకి జారుకుంటాయి. అంతే. చేను కోయని ఏడాది సోయా మోళ్ళ దగ్గర కూర్చునేవాడు ఒట్టి గాడిద. నేనైతే చచ్చినా కూర్చోను."

నా పక్కన కాగితం చప్పుడు ఆగిపోయింది.

ఆర్డిస్ తల ఎత్తలేదు. "అంతేనా వెండెల్?" అంది, మామూలు గొంతుతోనే.

"ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నా కదమ్మా" అన్నాడు వెండెల్, ఇంకా నవ్వుతూనే. తర్వాత బ్రెంట్ భుజం తట్టాడు. "రెండు సంగతులు గుర్తుపెట్టుకోరా. కాల్చాక అరగంట కదలకు. వెంటనే వెంటబడితే జింక బెదిరి మైళ్ళు పరిగెడుతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుని నెత్తురు కారి పోతుంది. మా నాన్న కొట్టి మరీ నేర్పాడు నాకిది. రెండోది, దెబ్బ తిన్న జంతువుని వదిలేసి ఇంటికి రాకు. దీపం పట్టుకునైనా వెతుకు. వదిలేసి వచ్చేవాడు మనిషే కాడు."

ఆ మాటే అన్నాడు. నా చెవులారా విన్నాను. మనిషే కాడన్నాడు!

వాళ్ళు వెళ్ళాక ఆర్డిస్ చాలాసేపు అదే పొట్లాన్ని చుడుతూ ఉండిపోయింది, కాగితం మీద కాగితం.

"లొరైన్, ఆ ఏడు వెండెల్ ఎక్కడ కూర్చున్నానని చెప్పాడు?"

"సోయా చేను చివర."

"ఆ ఏడు మేం మొక్కజొన్న కోశామా?"

నా చేతిలో కత్తి ఆగింది. ఆ ఏడూ వానే. లాయిడ్ పోయాక, క్రిస్మస్ ముందు ఊరంతా కలిసి వచ్చి వాళ్ళ చేను కోసిపెట్టాం. నేనే బంగాళదుంపల కూర వండి ఆ కోతకి తీసుకెళ్ళాను.

"షెరీఫ్‌కి ఫోన్ చేద్దాం పద" అన్నాను.

"ఏమని? జింకలు అటు రావు కాబట్టి వీడే చంపాడనా? నవ్వి పొమ్మంటాడు." కాగితం మడత గోటితో నొక్కింది. "వాడి నోటితో వాడే చెప్పాలి."

"చెప్తాడా? అయిదేళ్ళు నీ ఇంటిముందు మంచు తోసినవాడు?"

"నాకు చెప్పడులే" అంది ఆర్డిస్. పొట్లం పక్కన పెట్టి ఇంకో కాగితం తీసింది. ఆవిడ మొహం చూసి నేను ఇంకేమీ అడగలేదు.

వేట మొదలైన మర్నాడు పొద్దున్న, కొట్టు తలుపు తీసేసరికి బ్రెంట్ గుమ్మంలో నిలబడున్నాడు. వాహనం వెనక, తెల్లవారుతుండగా తోపులో దొరికిన మంచి కొమ్ముల జింక ఉంది. మొదటి వేటకి అలాంటిది దొరికితే ఎవడైనా ఎగిరి గంతేస్తాడు. వీడి పెదాలు తెల్లబడున్నాయి. కాఫీ ఇస్తే కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు... ఇదిగో, చెప్పింది చెప్పినట్టు.

ముందురోజు సాయంత్రం వెండెల్ వాణ్ణి తన పొలం సరిహద్దులో ఒక మంచె ఎక్కించి, తను మాత్రం ఎప్పట్లాగే దూరంగా గుట్ట మీదకి పోయాడు. వెలుతురు పోయే వేళ చేనులోంచి కొమ్ముల జింక బయటికొచ్చింది. బ్రెంట్ కాల్చాడు. దెబ్బ తగిలింది, కానీ జింక పడలేదు. పల్లం వైపు దూకి మాయమైంది.

వెండెల్ గుట్ట దిగి వచ్చాడు. "శభాష్! దిగు. ఇప్పుడు అరగంట కూర్చోవాలి."

చెట్టు కింద కూర్చున్నారు. వెండెల్ ఫ్లాస్కు తీసి కాఫీ పోశాడు. సరదాగా ఉన్నాడట. పాత వేటల కబుర్లు చెప్పాడట. అరగంట అయ్యేసరికి బాగా చీకటి పడింది. టార్చీలు వెలిగించి నెత్తుటి జాడ పట్టుకున్నారు. ఎండుటాకు మీద ఒక చుక్క... ఇంకో నాలుగడుగుల్లో మరొకటి...

జాడ కంచె కిందుగా గాలిమర పల్లంలోకి పోయింది.

వెండెల్ కంచె దగ్గర ఆగిపోయాడు.

"పొద్దున్న చూద్దాంలే."

"అదేంటి బాబాయ్? వదిలేసి వచ్చేవాడు మనిషే కాడన్నావుగా? నక్కలు పీక్కుతినవూ?"

నిన్నగాక మొన్న తుపాకి పట్టినవాడు తన మాట తనకే అప్పజెబుతుంటే వెండెల్ ఎలా వెనక్కి తిరుగుతాడు? మింగలేక కక్కలేక కంచె దాటాడు.

పొగమంచు పల్లంలో నిండుగా ఉంది. టార్చి వెలుగు నాలుగడుగులు దాటి పోవడం లేదు. చలికి నేల గట్టిపడి బూటు కింద పటపటమంటోంది.

టంగ్...

"ఏంటది?" అన్నాడు బ్రెంట్.

"గాలి. పాత గాలిమర." వెండెల్ గొంతు పీలగా వచ్చింది.

బ్రెంట్ నోటి ఆవిరి చూసుకున్నాడు. నిటారుగా పైకి పోతోంది. చేనులో ఎండుటాకు ఒక్కటి కూడా కదలడం లేదు.

"గాలి లేదు బాబాయ్."

టంగ్...

ఇంకాస్త దగ్గర్లో. ఇంకాస్త ఆలస్యంగా.

వెండెల్ నడక తప్పింది. టార్చి వెలుగు అటూ ఇటూ ఊగి... ఇనుప కాలు మీద పడింది. అక్కణ్ణుంచి పక్కకి జరిగింది.

గోధుమరంగు కోటు. చెవులు కప్పే టోపీ. అటు తిరిగి నిలబడ్డ మనిషి. చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది...

టంగ్.

వెండెల్ చేతిలో టార్చి కింద పడింది. తర్వాత తనూ పడ్డాడు, మోకాళ్ళ మీద, గడ్డకట్టిన బురదలో.

"లాయిడ్..."

ఆ మనిషి తిరగలేదు.

"లాయిడ్... జింక అనుకున్నాను... దేవుడి తోడు, చేనులోంచి గోధుమరంగుగా కదిలింది... జింకే అనుకున్నాను."

టంగ్.

"కొట్టకు! కొట్టకు లాయిడ్... ఆ రోజు విన్నాను నేను. విన్నాను... గాలికి గాలిమర మోగుతోందనుకున్నా. అరగంట కదలకూడదు కదా... మా నాన్న చెప్పినట్టే కూర్చున్నా. ఆ చప్పుడు ఆగిపోయాక దిగి వచ్చా... వచ్చేసరికి నువ్వు... రాయి ఇంకా నీ చేతిలోనే ఉంది..."

అప్పుడు ఆ మనిషి తిరిగాడు.

టోపీ కింద మొహం కనపడలేదు. గొంతు మాత్రం వినపడింది. అది ఆడదాని గొంతు.

"అరగంటా?"

టోపీ తీసింది. నెరిసిన జుట్టు. ఆర్డిస్!

చూడండి, ఆవిడ అక్కడికి వెళ్ళింది ఎవరు కాల్చారో తెలుసుకోడానికి. కాల్చినవాడు జింక పడిందనుకుని, చెట్టు మీద తీరుబడిగా కూర్చుని, తన మొగుడు సాయం కోసం కొట్టిన ప్రతి దెబ్బా విన్నాడని ఆవిడకి తెలియదు. అది అప్పుడే, అక్కడే విన్నది.

"తొడకి బెల్టు కడితే బతికేవాడని డాక్టరు చెప్పాడు నాకు" అంది. "ఆ అరగంటా నువ్వేం చేశావ్ వెండెల్?"

వెండెల్ తల వాల్చాడు.

"ఏం చేశావ్?"

"కాఫీ..." అన్నాడు వెండెల్. "కాఫీ తాగాను."

ఆర్డిస్ అతని మీద చెయ్యి చేసుకోలేదు. తిట్టలేదు. నేనైతే ఆ రాయితోనే తల బద్దలు కొట్టేదాన్ని. ఆవిడ బ్రెంట్ వైపు చూసి, "బాబూ, గుట్ట మీదకి పోతే ఫోన్ పనిచేస్తుంది. షెరీఫ్‌ని పిలువు" అంది. వెండెల్ లేవబోయాడు.

"కూర్చో" అంది. "అరగంట. కదలకూడదు. మీ నాన్న నేర్పలేదూ?"

బ్రెంట్ గుట్ట మీదకి పరిగెత్తాడు. ఫోన్ చేసి, మళ్ళీ దిగకుండా అక్కడే నిలబడ్డాడు. కింద నుంచి చప్పుడు వస్తూనే ఉంది. టంగ్... టంగ్... షెరీఫ్ కారు దీపాలు కనపడేదాకా ఆవిడ ఆపలేదు.

"ఎంత స్పష్టంగా వినపడిందో తెలుసా అండీ?" అన్నాడు బ్రెంట్ నాతో, కళ్ళ నిండా నీళ్ళతో. "గుట్ట మీదకే అంత బాగా వినపడితే... ఆ రోజు చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ వినపడే ఉంటుంది కదండీ?"

తిలాపాపం తలా పిడికెడు. దెయ్యాన్ని వినడానికి ఈ ఊరికి పాముచెవులున్నాయి. బతికున్న మనిషి కొడుతుంటే మాత్రం అందరికీ గాలే వినపడింది.

వెండెల్ షెరీఫ్ దగ్గర అంతా ఒప్పుకున్నాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు, విచారణ కోసం. అతని భార్య తలుపు వేసుకుని బయటికి రావడం లేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు.

కోపమంతా ఊరి మీద. వారం తిరక్కుండానే నా కొట్టులో కాఫీ తాగుతూ ఒకడంటాడూ – "అయినా ఆర్డిస్‌కి బుద్ధుండొద్దూ? వేట రోజుల్లో, అదీ పొద్దుగూకే వేళ, గోధుమరంగు కోటు వేసుకుని ఆ పల్లంలోకి వెళ్తుందా? ఎవడైనా కాల్చుంటే?"

అతని చేతిలో కప్పు లాక్కుని కాఫీ కాలువలో పారబోశాను. అతనిప్పుడు పక్క ఊరి కొట్టుకి పోతున్నాడు. పోనీ, పీడా విరగడైంది.

అయితే 'ఎవడైనా కాల్చుంటే' అన్న మాట మాత్రం నిజమే. ఆవిడకీ తెలుసు. చేను కోయని ఏడు దెబ్బ తిన్న జింక తోపులోకే పరిగెడుతుందనీ, నెత్తుటి జాడ ఏదో ఒక రోజు వెండెల్‌ని అక్కడికి ఈడ్చుకొస్తుందనీ తెలిసి వెళ్ళింది. అదే కోటు, అదే వేళ, అదే చోటు. వేట సాగినన్ని రోజులూ నిలబడడానికి సిద్ధపడింది. మొదటి రోజే తెమిలిపోయింది.

వేట కాలం ముగిశాక మొదటి మంచు పడింది. ఆ వేళకి పొలాలన్నీ కోసేశారు. జింకలు గాలి తగలని దక్షిణపు వాలుకి చేరిపోయాయి, పల్లంలో ఒక్క కాలి గుర్తు కూడా లేదు. నేను జింక మాంసం సాసేజీలు కొన్ని పట్టుకుని సాయంత్రం ఆర్డిస్ ఇంటికి వెళ్ళాను. ఈసారి దారిలో మంచు ఆవిడే తోసుకుంది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ మొహంలో ఏదో తేరుకున్నట్టుంది. నాకూ మనసు కాస్త తేలికపడింది.

"నంగనాచివే నువ్వు!" అన్నాను నవ్వుతూ. "అయిదేళ్ళ పాటు ఊరందర్నీ హడలగొట్టావు. రస్సెల్ ఆ రోడ్డు మీద లారీ తోలడమే మానుకున్నాడు. నాకొక్కదానికైనా చెప్పకూడదూ, ఆ చప్పుడు చేసేది నువ్వేనని?"

ఆర్డిస్ నవ్వలేదు. కప్పు కింద పెట్టింది.

"ఈ ఏడే వెళ్ళాను లొరైన్. లాయిడ్ పోయాక ఆ పల్లంలో నేను అడుగుపెట్టడం అదే మొదలు."

కిటికీలోంచి చూశాను. వెలుతురు పోతోంది. పక్క పొలం ఇంటి పొగగొట్టంలోంచి పొగ దారం కట్టి లాగినట్టు నిటారుగా పైకి పోతోంది. నేనేదో మాట మార్చబోయాను.

అప్పుడు... చాలా దూరం నుంచి... 

టంగ్...

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

టంగ్...

"గాలి అయ్యుంటుందిలే" అన్నాను.

ఆర్డిస్ లేచింది. మేకుకి వేలాడుతున్న గోధుమరంగు కోటు తీసి తొడుక్కుంది. అల్మరాలోంచి ఒక బెల్టు తీసి చేతికి చుట్టుకుంది. తలుపు తీసి, నావైపు తిరిగింది.

"వెండెల్ కూడా అదే అనుకున్నాడు" అంది.

నేను టార్చి అందుకుని ఆవిడ వెనకాలే మంచులోకి దిగాను.